పెడల్ దానంతటది దిగిపోతుంటే: ఆటోనగర్‌లో నేను చూపించుకున్న బ్రేకుల షాపు

మాది 2012 మోడల్ పికప్, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. సీజన్‌లో నూజివీడు నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయ తోలతాను, మిగతా రోజుల్లో ఏ లోడు దొరికితే అది. మొన్న ఏప్రిల్‌లో రామవరప్పాడు రింగ్ దగ్గర ఆగి బ్రేక్ మీద కాలు పెట్టుకుని ఉంటే పెడల్ మెత్తగా, చప్పుడు లేకుండా కిందకి దిగిపోతోంది. బండి ముందుకి జారుతుంటే హ్యాండ్ బ్రేక్ లాగి, ముందున్న ఆటోకి జానెడు దూరంలో ఆపాను. తమాషా ఏంటంటే గట్టిగా ఒక్క తొక్కు తొక్కితే మాత్రం ఠక్కున ఆగేది.

అంతకు పది రోజుల ముందే మా ఊరి దగ్గర ఒకచోట ముందు ప్యాడ్లు మార్పించి, బ్రేక్ పైపుల్లో చేరిన ఎయిర్ తీయించాను. మళ్లీ అక్కడికే వెళ్తే, ఓ రౌండు తిప్పి, రెండుసార్లు గట్టిగా తొక్కి చూసి, బ్రహ్మాండంగా ఉంది పొమ్మన్నారు. ఇంకోసారి వెళ్తే బూస్టర్ (మన తొక్కుడికి బలం కలిపే డబ్బా) పోయిందన్నారు. బూస్టర్ పోతే పెడల్ రాయిలా గట్టిపడుతుంది గానీ ఇలా కుంగదని నాకప్పటికి తెలీదు, తెలిసుంటే ఆ రాత్రి నిద్ర పట్టేది.

తోటి డ్రైవర్ చెప్తే విజయవాడ ఆటోనగర్‌లో ఈ షాపుకి వెళ్లాను. రేకుల షెడ్డు, బోర్డు లేదు, గుమ్మంలో పాత బూస్టర్లు తాడుకి వేలాడుతుంటాయి, అదే గుర్తు. పెద్దాయన బానెట్ ఎత్తకుండా నేరుగా సీట్లో కూర్చున్నాడు. ఇంజిన్ ఆపి ఐదారుసార్లు తొక్కి, కాలు అలాగే అదిమిపెట్టి ఇంజిన్ స్టార్ట్ చేయమన్నాడు. పెడల్ కాస్త కిందకి లాగింది. "బూస్టర్ బాగానే ఉందయ్యా, దాన్ని వదిలెయ్" అన్నాడు. అక్కడే నాకు సగం ప్రాణం లేచొచ్చింది. తర్వాత గట్టిగా కాకుండా, సిగ్నల్ దగ్గర మనం పెట్టినంత తేలిగ్గా కాలు పెట్టి ఊరుకున్నాడు, అంతే, పెడల్ దిగిపోవడం మొదలుపెట్టింది. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసేది మాస్టర్ సిలిండర్, దాని లోపల పిస్టన్ మీదుండే రబ్బర్లు అరిగితే, గట్టిగా తొక్కినప్పుడు ప్రెషర్‌కి విచ్చుకుని గోడకి అంటుకుంటాయట, తేలిగ్గా తొక్కితేనే పక్కనుంచి ఆయిల్ జారనిస్తాయట. మా ఊళ్లో రెండు తొక్కుల్లో దొరకనిది ఇదన్నమాట.

అయినా వెంటనే మాస్టర్ సిలిండర్ మార్చేద్దాం అనలేదు. కుర్రాడితో వెనక డ్రమ్ములు ఊడదీయించి, వీల్ సిలిండర్ల రబ్బరు మూతలు ఎత్తి చూశాడు, పొడిగా ఉన్నాయి. గొట్టాలు వంచి చూశాడు, పగుళ్లు లేవు. డబ్బాలో ఆయిల్ కూడా తగ్గలేదు. ఆఖరికి మాస్టర్ సిలిండర్ నుంచి వెళ్లే పైపులు విప్పి, ఆ రంధ్రాలకి తను చేయించుకున్న బిరడాలు బిగించి మళ్లీ తొక్కాడు. ఆయిల్ బయటికి పోయే దారే లేదు కాబట్టి పెడల్ గోడలా నిలబడాలి. నిలబడలేదు. అయితే లీకు దాని లోపలే.

"ఎయిర్ తీసేటప్పుడు పెడల్ నేలకి తగిలేదాకా తొక్కారా?" అని అడిగాడు. "అవును బాబాయ్, తొక్కింది నేనే" అన్నాను, నవ్వాడు. మామూలుగా పిస్టన్ సిలిండర్‌లో కొంత దూరమే వెళ్తుంది, అది దాటి అవతలి భాగంలో ఇన్నేళ్ల తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. నేలదాకా తొక్కితే రబ్బర్లు వాటి మీద రాసుకుని కోసుకుపోతాయి. విప్పి చూపించాడు, రబ్బరు అంచు నిజంగానే చిరిగి ఉంది. సిలిండర్ మార్చకుండా కొత్త రబ్బర్ల కిట్ వేసేయమని బతిమాలాను, ఖర్చు తక్కువ కదా. లోపల గుంటలు పడ్డాయి, కిట్ వేసినా నెల నిలవదు, నేను వెయ్యను అని ఖరాఖండిగా చెప్పాడు. కొత్త సిలిండరు, టీ రంగుకి తిరిగిన బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చడం, మజూరీ అన్నీ కలిపి 4,350 అయింది. ఎయిర్ తీసేటప్పుడు వెనక యాక్సిల్ దగ్గర ఉండే లోడ్ వాల్వ్‌ని (లోడుని బట్టి వెనక బ్రేకులకి ప్రెషర్ సర్దేది) కూడా వదల్లేదు. పెడల్ ఇప్పుడు సగంలోనే నిలబడుతోంది, 20 నిమిషాలు ట్రాఫిక్‌లో నొక్కిపెట్టినా కదల్లేదు.

ఇబ్బందులు లేకపోలేదు. పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రం నాలుగైంది, కూర్చోడానికి టైరు తప్ప ఏమీ లేదు, బిల్లు అడిగితే సిగరెట్ అట్ట మీద రాసిచ్చాడు. పాత సిలిండర్ అడక్కముందే సంచిలో వేసి ఇచ్చాడు గానీ, కుర్రాడు బ్రేక్ ఆయిల్ ఫెండర్ మీద ఒలకబోసి పొడి గుడ్డతో తుడిచి ఊరుకున్నాడు. వెంటనే నీళ్లతో కడిగితే పోయేది. ఇంటికొచ్చేసరికి అరచేయంత రంగు లేచిపోయింది. ఫోన్ చేసి చెప్తే "బ్రేకు పడుతోందా లేదా?" అన్నాడు, పడుతోంది, ఏమనను.

నెల తర్వాత వెనక డ్రమ్ములు అడ్జస్ట్ చేయించుకోవడానికి రమ్మన్నాడు. వెళ్తాను, ఈసారి ఫెండర్ మీద పరవడానికి గోనెసంచి నేనే పట్టుకెళ్తాను.