డీఎస్‌ఎల్‌ఆర్ బదులు జేబు కెమెరా: రికో జీఆర్ 3, సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7, కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3

ఇంట్లో డీఎస్‌ఎల్‌ఆర్ ఉండి కూడా ఊరెళ్తే ఫోన్‌తోనే సరిపెడుతున్నారంటే అసలు అడ్డంకి బరువే. మన దగ్గర బాగా అమ్ముడైన కెనాన్ 1500డీ బాడీ బ్యాటరీతో కలిపి 475 గ్రాములు, కిట్‌లో వచ్చే 18-55 ఎంఎం జూమ్ లెన్స్ (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంలో ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి) ఇంకో 200. బ్యాగు లేకుండా బయటికి కదలదు. ఇక్కడ చూస్తున్న మూడూ 2019లో వచ్చినవే. బ్యాటరీ, కార్డుతో కలిపి రికో 257 గ్రాములు, సోనీ 302, కెనాన్ 304. రికో మందం 33 మిల్లీమీటర్లే కాబట్టి ప్యాంటు జేబులో ఇముడుతుంది. మిగతా రెండూ కాస్త లావు, వాటికి చొక్కా జేబు కంటే జాకెట్ జేబే నయం. ఫ్యూజీ ఎక్స్100 రకాన్ని చాలామంది ఈ లెక్కలో కలుపుతారు. మంచి కెమెరానే, కానీ ఎక్స్100-6 బరువు 521 గ్రాములు. అది మెడలో వేసుకునేది, జేబులో పెట్టుకునేది కాదు.

మెగాపిక్సెళ్లు చూసి ఎంచుకోవద్దు. అన్నీ 20, 24 మధ్యే ఉన్నాయి. చూడాల్సింది సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్), లెన్స్ రెండూ కలిసి ఎంత వెలుతురు పడతాయన్నది. దానికో చిన్న గుణకారం ఉంది: ఎపర్చర్ అంకెను (లెన్స్ ద్వారం ఎంత తెరుచుకుంటుందో చెప్పే ఎఫ్ విలువ) క్రాప్ ఫ్యాక్టర్‌తో (పాత 35 ఎంఎం ఫిల్మ్ కంటే సెన్సర్ ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకె) హెచ్చవేయండి. వచ్చిన అంకె ఎంత చిన్నదైతే చీకట్లో అంత లాభం, వెనక నేపథ్యం అంతగా మసకబారుతుంది.

1500డీకి క్రాప్ 1.6. కిట్ లెన్స్ 18 దగ్గర ఎఫ్/3.5, అంటే 5.6. 55 దగ్గర ఎఫ్/5.6, అంటే 9. ఇప్పుడు జేబు కెమెరాలకు రండి. జీఆర్ 3లో ఉన్నది డీఎస్‌ఎల్‌ఆర్ సైజు ఏపీఎస్-సీ సెన్సరే, క్రాప్ 1.5, లెన్స్ ఎఫ్/2.8, లెక్క 4.2. మిగతా రెండింటిలోనూ ఒక అంగుళం సెన్సర్, క్రాప్ 2.7. కెనాన్ జీ7ఎక్స్ లెన్స్ ఎఫ్/1.8 నుంచి 2.8 వరకు కాబట్టి 4.9 నుంచి 7.6. సోనీ ఎఫ్/2.8 నుంచి 4.5 వరకు, అంటే 7.6 నుంచి 12 దాకా పోతుంది.

కిట్ లెన్స్ తప్ప ఇంకేదీ కొనని వాళ్లు ఈ అంకెల్ని ఇంకోసారి చూసుకోవాలి. చిన్న సెన్సర్ ఉన్న కెనాన్ జీ7ఎక్స్ కూడా వాళ్ల డీఎస్‌ఎల్‌ఆర్ కంటే కాస్త ఎక్కువ వెలుతురే పడుతుంది. వాళ్లు నిశ్చింతగా మారిపోవచ్చు. అదే డీఎస్‌ఎల్‌ఆర్‌కి 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే లెక్క 2.9. మనిషి ముఖం ఒక్కటే తేలి, వెనకదంతా కరిగిపోయినట్టుండే ఆ పోర్ట్రెయిట్ ఈ మూడింట్లో ఏదీ ఇవ్వదు. ఆటపాకలో కొల్లేటి గూడబాతుల్ని 55-250 లెన్స్‌తో తీసేవాళ్లు కూడా దాన్ని అమ్ముకోవద్దు. ఆ లెన్స్ చివర క్రాప్ లెక్కలో (250×1.6) 400 ఎంఎంకి సమానం, ఈ మూడింట్లో ఎక్కువ దూరం వెళ్లే సోనీ 200 దగ్గరే ఆగిపోతుంది.

మూడింట్లో డీఎస్‌ఎల్‌ఆర్ నాణ్యతకు నిజంగా సాటి వచ్చేది రికో. జూమ్ లేదు, ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ కోణం 28 ఎంఎం ఒక్కటే. దగ్గరికి కావాలంటే నడిచి వెళ్లాలి, లేదా క్రాప్ మోడ్ వాడాలి. 35కి మారిస్తే 24 మెగాపిక్సెళ్లు 15 అవుతాయి, 50కి మారిస్తే 7. ఎక్కువగా మనుషుల్నే తీస్తామనుకుంటే 2021లో వచ్చిన జీఆర్ 3ఎక్స్ చూడండి, దానిది 40 ఎంఎం. 28తో దగ్గరికెళ్లి ముఖం తీస్తే ముక్కు పెద్దదై కనిపిస్తుంది, 40తో ఆ బాధ తక్కువ.

రికో గొప్పదనం స్నాప్ ఫోకస్, అంటే ముందే పెట్టుకున్న దూరంలో ఫోకస్ నిలిపి ఉంచడం. వీధిలో ఫోకస్ కుదిరేదాకా ఆగితే ఎదుటి మనిషి ముఖంలో భావం మారిపోతుంది. స్నాప్ దూరం 2.5 మీటర్లు, ఎపర్చర్ ఎఫ్/8, ఆటో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) గరిష్ఠం 6400, కనీస షట్టర్ వేగం 1/250 సెకను పెట్టి, మెనూలో ఫుల్ ప్రెస్ స్నాప్ ఆన్ చేయండి. బటన్‌ను సగం నొక్కకుండా ఒక్క ఊపున అడుగంటా నొక్కితే ఫోకస్ వెతకడమంటూ ఉండదు, ఫొటో పడిపోతుంది. సుమారు 1.15 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. సాయంత్రమై ఎఫ్/5.6కి దిగితే ఆ హద్దు 1.4 నుంచి 15 మీటర్లకు కుదించుకుపోతుంది. బజారు గొడవలో ఆ మాత్రం చాలు. సగం నొక్కితే మామూలు ఆటోఫోకసే పనిచేస్తుంది కాబట్టి ఈ సెట్టింగును ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుకోవచ్చు. షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది, చప్పుడు దాదాపు లేదు. కచేరీలో ముందు వరసలో కూర్చుని తీసినా పక్కవాళ్లు తల తిప్పరు.

గుడి మండపాల్లో రికో స్టెబిలైజర్ (చేతి వణుకును సరిచేసేది) బాగా ఆదుకుంటుంది. రామప్పలాంటి చోట బయట ఎండ మండిపోతున్నా లోపల నల్లరాతి స్తంభాల దగ్గర వెలుతురు తక్కువ. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి అనుమతి తీసుకోవాలి కాబట్టి చేత్తోనే తీయాలి. 28 ఎంఎంకి మామూలుగా చేయి నిలిచే వేగం 1/30 సెకను. స్టెబిలైజర్‌తో, మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తే 1/8 నమ్మకంగా వస్తుంది. అంటే 3200 కావాల్సిన చోట ఐఎస్‌ఓ 800 సరిపోతుంది, రాతి చెక్కడంలో సన్నటి గీతలు నాయిస్‌లో (చీకటి ఫొటోల్లో కనిపించే గరుకు చుక్కల్లో) కలిసిపోవు. అయితే ఇది కదలని వాటికే. దీపం చుట్టూ తిరిగే పిల్లలకు 1/125 తప్పదు, అక్కడ స్టెబిలైజర్ చేసేదేమీ లేదు.

లోపాలు కూడా దీనికే ఎక్కువ. ఫ్లాష్ లేదు, బయటి ఫ్లాష్ తగిలించుకునే హాట్‌షూ మాత్రం ఉంది. 4కే వీడియో లేదు. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు, మే నెల మిట్టమధ్యాహ్నం తెర మీద ఏమీ కనిపించదు. అప్పుడు ఔట్‌డోర్ వ్యూ సెట్టింగ్‌లో వెలుగు పెంచుకోవాలి. కంపెనీ లెక్క ప్రకారమే బ్యాటరీ 200 ఫొటోలకు వస్తుంది, 1500డీకి అది 500. రెండు అదనపు బ్యాటరీల ఖర్చును కెమెరా ధరలోనే కలిపి లెక్కేసుకోండి. ఛార్జింగ్ టైప్-సీ కేబుల్‌తోనే, పవర్‌బ్యాంక్ పనికొస్తుంది.

అసలు జాగ్రత్తపడాల్సింది దుమ్ము విషయంలో. ఆన్ చేసినప్పుడల్లా లెన్స్ గొట్టం బయటికి వస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికి పోతుంది. ఆ కదలికతో పాటే గాలి, గాలితో పాటే జేబులో ఉన్న నూగు లోపలికి చేరుతుంది. సెన్సర్ మీద పడిన రేణువు ఎఫ్/2.8 దగ్గర కనిపించదు. ఎఫ్/11 దాటాక ఆకాశంలో బూడిద రంగు చుక్కై తేలుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే లెన్స్ తీసి బ్లోయర్‌తో ఊదేయొచ్చు. ఇందులో లెన్స్ ఊడదు. మెనూలో దుమ్ము దులిపే సదుపాయం ఉంది, దానికీ పోకపోతే సర్వీస్ సెంటరే దిక్కు. కెమెరాను ఉత్తగా జేబులో వేయకుండా జిప్ ఉన్న చిన్న సంచీలో పెట్టండి, ఆ సంచీని నెలకోసారి తిరగేసి దులపండి. ఇదే వరసలో కొత్తది కావాలంటే, 2025లో వచ్చిన జీఆర్ 4లో లోపలే 53 జీబీ మెమరీ ఇచ్చారు. కార్డు మాత్రం మైక్రో ఎస్‌డీ, కాబట్టి పాత కార్డులు అందులో పట్టవు.

సోనీని పగటి ప్రయాణాలకు తీసుకోండి. 24 నుంచి 200 ఎంఎం జూమ్, పైకి లేచే వ్యూఫైండర్, కంటిని పట్టుకుని వదలని ఆటోఫోకస్, సెకనుకు 20 ఫొటోలు. పరుగెత్తే పిల్లల్ని తీయడంలో 1500డీ దీని దరిదాపుల్లోకి రాదు. చీకటి పడ్డాక జూమ్ చివర లెక్క 12 అని మరవకండి, రాత్రి ఊరేగింపులో 200 దగ్గర నాయిస్ ఖాయం. 4కే తీస్తూంటే చిన్న ఒళ్లు కాబట్టి వేడెక్కి ఆగిపోతుంది. ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్‌ను హై మీద పెడితే ఎక్కువసేపు నిలుస్తుంది. ఛార్జింగ్ పోర్టు ఇంకా పాత మైక్రో యూఎస్‌బీనే.

కెనాన్ ఇంటి ఫంక్షన్లకు బాగుంటుంది. 24-100 జూమ్, లోపలే ఫ్లాష్, మైక్ జాక్, టైప్-సీ ఛార్జింగ్. వ్యూఫైండర్ లేదు. దీని ఆటోఫోకస్ కాంట్రాస్ట్ పద్ధతి మీదే (ఫోకస్‌ను జరుపుతూ ఎక్కడ స్పష్టత ఎక్కువో వెతకడం) నడుస్తుంది, అందుకే వీడియోలో మనిషి ముందుకు నడిచొస్తుంటే ఫోకస్ ఒకటి రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఊగుతుంది. వీడియోలే ముఖ్యమైతే సోనీయే మేలు.

మీ ఫోన్‌లో షావోమీ 13 ప్రోలా ఒక అంగుళం సెన్సర్ ఉంటే, కెనాన్ కొన్నా వైడ్ ఫొటోల్లో పెద్ద తేడా రాదు. లాభమంతా జూమ్‌లోనే. తేడా వైడ్‌లోనే కావాలంటే రికో కొనాలి.

కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకున్నా వారంటీ కార్డు మీద ఏ దేశం పేరుందో చదవండి. సెకండ్‌హ్యాండ్ అయితే డబ్బు చేతిలో పెట్టకముందు అయిదు నిమిషాల పని ఉంది. ఎఫ్/16 పెట్టి (సోనీ, కెనాన్ ఎఫ్/11 దాకానే వెళ్తాయి), ఫోకస్‌ను అనంతం మీద ఉంచి, తెల్ల గోడను ఫొటో తీసి తెర మీద పెద్దది చేసి మూల మూలా వెతకండి. ఆన్, ఆఫ్ పదిసార్లు చేయండి, లెన్స్ గొట్టం ఎక్కడా కొట్టుకోకుండా, గరగరమనకుండా కదలాలి. కింద పడిన కెమెరా మొదట చెడేది అక్కడే. జూమ్ ఉన్నవాటిలో చివరిదాకా వెళ్లి ఒక ఇటుక గోడను తీయండి. ఒకవైపు ఇటుకలు స్పష్టంగా, మరోవైపు మసకగా వస్తే లెన్స్ వంగినట్టే. ధర ఎంత తగ్గించినా అది వద్దు.