వైఫై కార్డు మార్చి మూడేళ్లు: కార్డు మంచిదే, బీరువాదే తప్పు

మా ఇల్లు గుంటూరులో. కింద అమ్మానాన్న, పైన మేము. నెట్ కింద హాల్లోకి వస్తుంది, నేను పని చేసుకునేది పైన మూల గదిలో. 2022లో మీటింగులో నోరు తెరిచినప్పుడల్లా "నీ వాయిస్ కట్ అవుతోంది" అనడం టీమ్‌లో అందరికీ అలవాటైపోయింది. ప్లాను 100 ఎంబీపీఎస్, నా గదిలో వచ్చేది పది, మహా అయితే పన్నెండు. ఇక లాభం లేదని లాప్‌టాప్‌లో వైఫై కార్డు (రూటర్ సిగ్నల్ అందుకునే చిన్న పలక) మార్చాను. వేసింది ఇంటెల్ ఏఎక్స్ 210. మూడేళ్లు దాటింది, రోజుకు పది గంటలకు తగ్గకుండా నడుస్తోంది. కార్డు మీద నాకు ఫిర్యాదు లేదు. కాకపోతే నా గదిలో సిగ్నల్ రాకపోవడానికి అసలు కారణం పాత కార్డు కాదు. ఆ సంగతి డబ్బులు పెట్టాక తెలిసింది.

పాత కార్డు గురించి ముందు చెప్పాలి. లాప్‌టాప్ కొన్నప్పుడు "వైఫై ఉంది" అని రాసి ఉంటే సరిపెట్టుకున్నాను. తీరా చూస్తే అది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు (వైఫై నడిచే తరంగాల వరుసల్లో ఒకటి) మాత్రమే పట్టే, ఒకే యాంటెన్నాతో పనిచేసే రకం. రూటర్ పక్కనే కూర్చున్నా లింక్ స్పీడు (కార్డుకూ రూటర్‌కూ మధ్య స్పీడు) 72 ఎంబీపీఎస్ దాటేది కాదు, చేతికొచ్చేది అందులో సగం. మా వీధిలో ఇంటింటికీ రూటరే, దాదాపు అన్నీ 2.4 మీదే. 2.4లో ఒకదానితో ఒకటి గొడవపడని ఛానళ్లు (బ్యాండు లోపలి దారులు) 1, 6, 11 మాత్రమే. ఫోన్లో వైఫై అనలైజర్ తెరిస్తే ఆ మూడింటి మీదా ఒకదానిపై ఒకటి గొడుగులు పరిచినట్టు కనిపించింది. దీనికితోడు బ్లూటూత్ హెడ్‌సెట్టూ అదే బ్యాండు, వంటింట్లో మైక్రోవేవూ అదే బ్యాండు.

కొనేటప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. మొదట ఏఎక్స్ 211 తెప్పించాను. 210 కన్నా 211 ఒక మెట్టు ఎక్కువ అనుకున్నాను! చూడ్డానికి రెండూ ఒకటే సైజు, అదే స్లాటులో చక్కగా కూర్చుంటుంది కూడా. ఆన్ చేస్తే మాత్రం అక్కడ కార్డు ఉన్న ఆనవాలే లేదు. అప్పుడు చదివాను: 201, 211 లాంటివి సగం కార్డులు. మిగతా సగం పని ప్రాసెసర్ వైపు జరుగుతుంది, అందుకని దానికి సరిపడే ఇంటెల్ ప్రాసెసర్ ఉంటేనే బతుకుతాయి. నాది ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్. 200, 210 పూర్తి కార్డులు, ఎవరి దగ్గరైనా పనిచేస్తాయి. తిప్పి పంపి, 210 వచ్చేసరికి ఇంకో వారం పోయింది. ధర రెండు వేల లోపే పడింది.

ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి వెనక మూత విప్పి చూడమంటాను. కార్డుకు ఎన్ని యాంటెన్నా వైర్లు వస్తున్నాయో లెక్కపెట్టండి. నా లాప్‌టాప్‌లో రెండు వైర్లున్నాయి, రెండోదాన్ని టేపు చుట్టి పక్కన పడుకోబెట్టారు. నన్ను చూసి మా బావమరిది కూడా ఇదే కార్డు తెప్పించుకున్నాడు. మూత తీస్తే ఒకటే వైరు. కార్డు పనిచేస్తుంది కానీ సగం స్పీడే. స్క్రీన్ చుట్టూ ఫ్రేములోకి కొత్త యాంటెన్నా దూర్చే ఓపిక అతనికీ లేదు, నాకూ లేదు. ఇంకోటి, కొన్ని పాత మోడళ్లలో కంపెనీ ఒప్పుకున్న కార్డులు తప్ప వేరేది పెడితే బయోస్ (లాప్‌టాప్‌ను మొదట లేపే ప్రోగ్రాం) ఆన్ కానివ్వదు. మీ మోడల్ పేరుతో ముందే వెతికి చూసుకోవడం మంచిది.

బిగించడం పావుగంట పని. అందులో పది నిమిషాలు ఆ యాంటెన్నా బొత్తాలకే. మినపగింజ కన్నా చిన్నవి. తీసేటప్పుడు వైరు పట్టుకుని లాగితే ఊడి చేతికొస్తుంది. బొత్తం అంచు కింద గోరు పెట్టి నిలువుగా పైకి లేపాలి. పెట్టేటప్పుడు సరిగ్గా పిన్ను మీద ఉందో లేదో చూసి, బొటనవేలితో నొక్కితే చిన్న టిక్ వినిపిస్తుంది. అది వినబడకుండా గట్టిగా నొక్కారో, పిన్ను వంగిందే. ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేయడం మరచిపోవద్దు. డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) కూడా పాత కార్డు ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. నేను మరచిపోయి ఫోన్‌కు కేబుల్ తగిలించి, యూఎస్‌బీ టెథరింగ్‌తో గట్టెక్కాను. లినక్స్ రకమైన ఉబుంటు 22.04లో మాత్రం ఏ డ్రైవరూ అడగలేదు, దానంతటదే పట్టుకుంది.

హాల్లో కూర్చుని చూస్తే లింక్ స్పీడు 1201 ఎంబీపీఎస్. సంబరంగా పైకి వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. నెట్ స్పీడు ముప్పై. పదికి ముప్పై నయమే కదా అంటే నయమే, కానీ 5 గిగాహెర్ట్జ్ (2.4 కన్నా వేగమైన, రద్దీ తక్కువున్న బ్యాండు) ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మధ్యాహ్నం కాల్ మధ్యలో 2.4కి జారిపోయేది, మళ్లీ పాత కథే.

అప్పుడు కొలవడం మొదలుపెట్టాను. ఆ పని ముందే చేయాల్సింది. గీతలు చూసి సిగ్నల్ చెప్పలేం, డీబీఎం (సిగ్నల్ బలం కొలత) అంకె చూడాలి. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 అంటే బ్రహ్మాండం, మైనస్ 67 దాకా వీడియో కాల్ సాఫీగా నడుస్తుంది, 80 దగ్గరికి పోతే ఆశ వదులుకోవచ్చు. మూడు తగ్గిందంటే శక్తి సగమైనట్టే. నా గదిలో పాత కార్డుకు మైనస్ 78, కొత్త కార్డుకు మైనస్ 74. రెండు వేలు పెడితే సిగ్నల్ పెరిగింది నాలుగు.

ఫోన్ పట్టుకుని గదిగదీ తిరుగుతూ రూటర్ దాకా వచ్చాను. రూటర్ ఎక్కడుందంటే, ఇనప బీరువాకూ గోడకూ మధ్య సందులో. కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి "ఇక్కడైతే కనబడదు సార్, నీట్‌గా ఉంటుంది" అని పెట్టి వెళ్లాడు, ప్లగ్ పాయింటూ అక్కడే ఉంది. ఇనప రేకు దాటి రేడియో తరంగం పోదు. బీరువా తలుపుకున్న నిలువెత్తు అద్దం వెనక పూత కూడా లోహమే. నాన్న ఒప్పుకోలేదు. "ఇన్నాళ్లూ ఇక్కడే ఉంది కదరా, మా ఫోన్లకు బానే వస్తోంది" అన్నారు. వాళ్లు కూర్చునే సోఫా ఆ సందుకు ఎదురుగానే ఉంది మరి, వాళ్లకు రాక ఏమవుతుంది.

వెనక ఫైబర్ వైరు చుట్ట చుట్టి మిగిలి ఉంది. దాన్ని మడత పడకుండా గుండ్రంగానే తిప్పుకుంటూ (మడిస్తే లోపల గాజు విరుగుతుంది) రూటర్‌ను రెండు మీటర్ల అవతల, తలుపు పక్కన ఆరడుగుల ఎత్తులో గోడకు మార్చాను. ఒక యాంటెన్నాను నిలువుగా ఉంచి, ఒకదాన్ని పక్కకు వాల్చాను. నిలువుగా ఉన్న యాంటెన్నా చుట్టూ నాలుగు వైపులకూ విసురుతుంది, నెత్తి మీదకు తక్కువ. ఖర్చు: ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, రెండు మేకులు. పైన సిగ్నల్ మైనస్ 66. కార్డు పెంచింది నాలుగు, ఇది పెంచింది ఎనిమిది! ఇది ముందు చేసి ఉంటే కార్డు కొనేవాణ్ణా అంటే, కొనేవాణ్ణే. 2.4 కార్డుతో ఆ వీధిలో నెగ్గుకురాలేం. కానీ తిట్టుకుంటూ కొనేవాణ్ణి కాదు.

మిగిలింది స్లాబు. లోపల ఇనప ఊచల వల, పైన సిమెంటు, దాని మీద టైల్స్. దాన్ని ఏ కార్డూ గెలవలేదు. ఎక్స్‌టెండర్ కొందామనుకున్నాను. అది విన్నదాన్నే మళ్లీ గాలిలో చెబుతుంది కాబట్టి మామూలు రకాల్లో స్పీడు సగానికి పడిపోతుంది. దాని బదులు 25 మీటర్ల క్యాట్ 6 వైరు (నెట్‌వర్క్ కేబుల్) తెచ్చి, ఏసీ పైపు వెళ్లే కన్నంలోంచి బయటికి తీసి, గోడ వెంట పైకి లాగించాను. ఎండకు పగలకుండా బయట వాడే నల్ల వైరు. చివర పాత రూటర్ తగిలించాను: దానిలో డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే పని) ఆపేసి, ఐపీ అడ్రస్ మార్చి, వైరును వాన్ రంధ్రంలో (బయటి నెట్ వచ్చేది) కాకుండా లాన్ రంధ్రంలో (ఇంట్లో పరికరాలకు ఇచ్చేది) పెట్టాను. పేరూ పాస్‌వర్డూ కింది రూటర్‌వే. రెండూ గొడవపడకుండా కింద ఛానల్ 36, పైన 149.

వైరు బిగించినతను లోపలి నాలుగు జతల తీగల్లో రెండు జతలే క్రింప్ చేసి (కనెక్టర్‌లో నొక్కి బిగించి) "ఇంతే చాలు సార్" అన్నాడు. రెండు జతలకు వంద ఎంబీపీఎస్ దాటదు. ప్లాను వందే కాబట్టి నెట్‌కు తేడా తెలియలేదు, కింది కంప్యూటర్‌లోకి ఫోటోలు కాపీ చేసినప్పుడు తెలిసింది. కొత్త కనెక్టర్లు తెచ్చి ఎనిమిది తీగలూ మళ్లీ వేయించాను. ఇప్పుడు నా కుర్చీలో మైనస్ 45, స్పీడు 95. కార్డు తన అసలు సత్తా చూపించింది అప్పుడే, అంటే కొన్న ఐదు నెలలకు.

వాడుకలో తెలిసినవి కొన్ని. రెండు రూటర్లున్న ఇంట్లో లాప్‌టాప్ కిందిదాన్నే పట్టుకుని వేలాడుతుంది. విండోస్ డివైస్ మేనేజర్‌లో కార్డు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో రోమింగ్ అగ్రెసివ్‌నెస్ (ఇంకో రూటర్‌కు ఎంత త్వరగా మారాలో చెప్పేది) అని ఉంటుంది. మామూలుగా మూడులో ఉండేదాన్ని నాలుగు చేస్తే కదిలింది. పక్కనే ప్రిఫర్డ్ బ్యాండ్‌లో 5 గిగాహెర్ట్జ్ పెట్టాను. నెట్ 5 మీదికి వెళ్లాక హెడ్‌సెట్‌లో గరగర కూడా పోయింది. మొదటి నెలల్లో లాప్‌టాప్ నిద్ర లేచాక కార్డు మాయమయ్యేది, అది లాప్‌టాప్ పవర్ సేవింగ్ నిర్వాకం. "కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు" అన్న టిక్కు తీసేశాక మళ్లీ రాలేదు. కార్డు గొప్పగా చెప్పుకునే 6 గిగాహెర్ట్జ్ బ్యాండు ఈ మూడేళ్లలో ఒక్కసారీ వాడలేదు, నా రూటర్లు రెండింటిలోనూ అది లేదు. అది అక్కర్లేకపోతే 210 బదులు 200 సరిపోతుంది.

ఇప్పటికీ తేలనిది మెట్ల మలుపు ఒకటే. కింది రూటర్ వదిలి పైది పట్టుకునే చోటు అది, వాట్సాప్ కాల్ అక్కడ రెండు క్షణాలు ఆగుతుంది. గాలి బాగా వస్తుందని అమ్మ అక్కతో మాట్లాడేది సరిగ్గా ఆ మలుపులోనే నిలబడి.