అడుగు రిగ్గులతో బాస్ వేట: ఐదు సీజన్లు వాడాక లైన్, లీడర్, గుండ్ల లెక్క

బాస్ చేప కోసం రాడ్డుకి రెండొందల డాలర్లు పోసినవాళ్ళే దాని చివర వేలాడే మూడడుగుల లీడర్ (మెయిన్ లైన్‌కీ గాలానికీ మధ్య కట్టే లైన్ ముక్క) దగ్గరికొచ్చేసరికి పిసినారులవుతారు. అడుగున ఎర ఈడ్చే వేటలో చేప తెంపుకుపోయేది ఆ మూడడుగుల్లోనే. టెక్సస్‌లో లేక్ ఫోర్క్, రే రాబర్ట్స్, టెక్సోమా సరస్సుల్లో కరోలినా రిగ్, టెక్సస్ రిగ్, డ్రాప్‌షాట్ అనే మూడు రిగ్గులు (లైన్‌కి బరువు గుండు, గాలం, ఎర అమర్చే తీర్లు) వాడి చూశాక ఇచ్చే తీర్పు ఇది: ముందు అడుగేమిటో చూడండి, మోళ్ళా, రాయా, నాచా, బురదా అని. లైన్ సంగతి ఆ తర్వాత.

ఫోర్క్ నీళ్ళ కింద సగం అడవే ఉంది. 1980లో ఆనకట్ట పూర్తయినప్పుడు చెట్లు చాలావరకు నరక్కుండా వదిలేశారు. 18.18 పౌండ్ల టెక్సస్ రికార్డు లార్జ్‌మౌత్ బాస్ 1992 జనవరిలో ఇక్కడే పడింది. చేపలు పెరిగేదీ ఆ మోళ్ళ వల్లే, మన గుండ్లు పోయేదీ ఆ మోళ్ళలోనే.

కరోలినా రిగ్ నుంచి మొదలుపెడదాం. మెయిన్ లైన్‌ని ముప్పావు ఔన్సు గుండులోంచి దూర్చాలి, గుండు సన్నని కొన రాడ్ వైపుండాలి. తర్వాత 8 మిల్లీమీటర్ల గాజు పూస, ఆ తర్వాత స్వివెల్, అంటే రెండు రింగులున్న తిరుగుడు కీలు. స్వివెల్ రెండో రింగుకి లీడర్, దాని చివర 3/0 సైజు ఆఫ్‌సెట్ (మెడ వంచిన) గాలం, గాలానికి మెత్తటి ప్లాస్టిక్ బల్లి గానీ వానపాము గానీ. పూస చప్పుడు చేసి చేపను పిలుస్తుందంటారు, కొంత నిజమే. దాని అసలు పని వేరు. పూస లేకపోతే విసిరిన ప్రతిసారీ 21 గ్రాముల గుండు వచ్చి స్వివెల్ ముడిని గుద్దుతుంది. పొద్దున కట్టిన ముడి మధ్యాహ్నానికి నలిగి, ఏ పెద్ద చేపో తగిలినప్పుడు జారిపోతుంది.

మెయిన్ లైన్ 20 పౌండ్ల లాగుడు తట్టుకునే ఫ్లోరోకార్బన్ (ఒంటి పోగు ప్లాస్టిక్ లైన్) అయితే లీడర్ 12 పౌండ్లుండాలి, మరీ గట్టిగా కావాలంటే 15. రెండూ ఒకే బలం పెడితే ఇరుక్కున్నప్పుడు ఎక్కడ తెగుతుందో చెప్పలేం. చాలాసార్లు గుండు పైన నలిగిన చోటే తెగి గుండు, పూస, స్వివెల్, గాలం మొత్తం పోతాయి. లీడర్ బలహీనంగా ఉంటే గాలం ఒక్కటే పోతుంది. ఇరుక్కున్నది గాలమైనప్పుడే ఈ లెక్క. మోడు చీలికలో గుండే కూరుకుంటే ఏ లీడరూ కాపాడదు. అందుకే మోళ్ళలో గుడ్డు ఆకారం గుండు మానేసి బుల్లెట్ ఆకారంది వాడాలి, దూరిన దారినే వెనక్కి వస్తుంది.

మెయిన్ లైన్‌కి ఫ్లోరోనా, బ్రెయిడా (సన్నని పోగులు అల్లిన లైన్) అన్న వాదన తెగేది కాదు. ఫ్లోరో సాంద్రత 1.78, నీళ్ళలో మునుగుతుంది. బ్రెయిడ్‌ది 0.97, తేలుతుంది. పక్కగాలి వీస్తే తేలే లైన్ విల్లులా వంగుతుంది, చేప ముట్టుకున్న కబురు ఆ వంపు తిరిగి వచ్చేసరికి చేప ఎర ఉమ్మేస్తుంది. గాలి లేని రోజున, కంకర కలిసిన గట్టి అడుగు మీద మాత్రం బ్రెయిడ్‌కి సాటి లేదు. సాగదు కాబట్టి గులకరాయికీ ఆల్చిప్పకీ తేడా చేతికి తెలుస్తుంది. అదే బ్రెయిడ్ నానిన మోడు మీద పడితే రంపంలా కోసుకుంటూ లోపలికి దిగి అక్కడే బిగుసుకుంటుంది. రాతి అంచు మీదైతే పోగులు లేచి చూస్తుండగానే పాడవుతుంది. హైడ్రిల్లా నాచులో ఆ కోసే గుణమే వరం, అక్కడ 50 పౌండ్ల బ్రెయిడ్ నేరుగా గాలానికే కట్టొచ్చు. మొత్తం మీద మోళ్ళకీ రాళ్ళకీ ఫ్లోరో, నాచుకి బ్రెయిడ్.

లీడర్ పొడవు మసక నీళ్ళలో 45 సెంటీమీటర్లు చాలు. టెక్సోమాలాంటి తేట నీళ్ళలో 90 దాకా వెళ్ళొచ్చు. అంతకు మించితే విసరడం కష్టం, పైగా పట్టు ఆలస్యంగా తెలిసి చేప గాలాన్ని గొంతు దాకా మింగేస్తుంది. ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని తిరిగి నీళ్ళలో వదలాల్సిందే, గొంతులో గాలం దిగిన చేపను వదిలినా బతుకుతుందన్న భరోసా లేదు. అడుగంతా పొట్టి నాచు పరుచుకుని ఉంటే లీడర్‌కి ఫ్లోరో వద్దు, మామూలు నైలాన్ మోనో (ఒంటి పోగు లైన్) కట్టండి. దాని సాంద్రత 1.14 చుట్టూ ఉంటుంది, ఎరను నాచులోకి అంతగా లాగదు. సీగ్వార్ కంపెనీ ఫ్లోరోల్లో ఇన్విజ్‌ఎక్స్ మెత్తన, అబ్రాజ్‌ఎక్స్ రాపిడికి తట్టుకునే రకం. మొదటిది రీల్ మీదికి, రెండోది లీడర్‌కి సరిపోయాయి.

ముడి బిగించే ముందు తడి చేయాలి. అందరికీ తెలిసిన మాటే, తొందరలో అందరూ మరిచేదీ ఇదే. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి ఫ్లోరో తెల్లబారి వంకీలు తిరుగుతుంది. అలా తిరిగిందంటే ఆ ముడి పనికిరాదు, కోసేసి మళ్ళీ కట్టాలి. లైన్‌ని మడిచి గాలం కన్నులో దూర్చి కట్టే పాలోమార్ ముడిలో రెండు పోగులూ పక్కపక్కనే కూర్చోవాలి. ఒకదాని మీదొకటి ఎక్కితే బిగించేటప్పుడే పైది కిందదాన్ని కోస్తుంది. ప్రతి చేప తర్వాత, ప్రతి ఇరుకు తర్వాత చివరి మీటరు లైన్‌ని పెదవుల మధ్య లాగి చూడండి. గాలాలు కట్టీ కట్టీ వేళ్ళు మొద్దుబారతాయి, పెదవికి మాత్రం వెంట్రుకంత గీత కూడా గరుకుగా తగులుతుంది. తగిలిందా, రెండడుగులు కోసి పారేయండి.

గుండ్లలో సీసమా, టంగ్‌స్టనా అంటే రిగ్గుని బట్టి. సీసం సాంద్రత 11.3, టంగ్‌స్టన్‌ది 19.3. అదే బరువుకి టంగ్‌స్టన్ చాలా చిన్నది, గట్టిది, అడుగు ఎలా ఉందో స్పష్టంగా చెబుతుంది, ధరే మంట. గుండ్లు తరచూ పోయే కరోలినా రిగ్‌కి సీసం, నాచులోకి దూరాల్సిన టెక్సస్ రిగ్‌కి టంగ్‌స్టన్ అన్నది నా పద్ధతి. కొన్ని చవక టంగ్‌స్టన్ గుండ్ల రంధ్రం అంచు కత్తిలా ఉంటుంది. చెవికి వాడే దూది పుల్లని రంధ్రంలో తిప్పి చూడండి. దూది పోగు పట్టుకుందంటే లైన్‌నీ కోస్తుంది. బోస్టన్ వైపు ఉండేవాళ్ళకో మాట: మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్, మేన్‌లలో లూన్ పక్షుల కోసం చిన్న సీసం గుండ్లు నిషేధించారు, అక్కడ టంగ్‌స్టన్ లాంటివే దిక్కు.

గుండు నేరుగా ఎర తల మీదే ఆనే టెక్సస్ రిగ్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 3/8 ఔన్సు బుల్లెట్, 15 నుంచి 20 పౌండ్ల ఫ్లోరో. నాచులో గుండు పైన రబ్బరు స్టాపర్ తప్పనిసరి, లేకపోతే గుండు కిందికీ ఎర మీదికీ విడిపోతాయి. తేట జాగాలో స్టాపర్ తీసేయండి.

గుండు కింద, గాలం పైన ఉండే డ్రాప్‌షాట్ పూర్తిగా వేరే సరంజామా. 2500 సైజు స్పిన్నింగ్ రీల్, 15 పౌండ్ల బ్రెయిడ్, 8 పౌండ్ల ఫ్లోరో లీడర్ రెండు బారలు. బ్రెయిడ్‌కీ లీడర్‌కీ మధ్య ఎఫ్‌జీ అనే సన్నని ముడి రాడ్ గైడ్‌లలోంచి (లైన్ నడిచే రింగులు) చప్పుడు లేకుండా పోతుంది. పడవలో కట్టలేనప్పుడు డబుల్ యూని ముడి చాలు, బ్రెయిడ్ వైపు 8 చుట్లు, ఫ్లోరో వైపు 5. గాలాన్ని పాలోమార్‌తో కట్టి, మిగిలిన పొడవాటి కొసని గాలం మొన ఉన్న వైపు నుంచి కన్నులో మళ్ళీ దూర్చి కిందికి లాగితే గాలం మొన పైకి తిరిగి అడ్డంగా నిలబడుతుంది. ఈ ఒక్క దూర్పు మరిస్తే గాలం కిందికి వాలిపోతుంది, చేప ముట్టుకున్నా గుచ్చుకోదు. గుండు ఒక జానెడు కింద, పావు ఔన్సు. రాళ్ళలో సన్నటి పుల్లలాంటి గుండు, బురదలో గుండ్రంది. గుండు పైనున్న నొక్కులో లైన్‌ని ముడి లేకుండా ఇరికించి వదలండి, ఇరుక్కున్నప్పుడు గుండు ఒక్కటే జారిపోతుంది. ఎర గిర్రున తిరిగి లైన్ మెలికలు పడటం దీని జబ్బు. లీడర్ పైన చిన్న స్వివెల్ పెడితే చాలావరకు తగ్గుతుంది.

ఊళ్ళో చెరువు మీద కొర్రమీనుకి గాలం వేసిన చేయి కరోలినా రిగ్‌తో మొదట ఇబ్బంది పడుతుంది. ఆ అలవాటులో రాడ్‌ని నిట్టనిలువుగా ఎగదన్నుతాం. ఇక్కడ ముందు వదులు లైన్‌ని చుట్టేసి, రాడ్‌ని పక్కకి నేలకి సమాంతరంగా ఊడ్చినట్టు లాగాలి. ఏడున్నర అడుగుల మీడియం హెవీ (కాస్త గట్టి) రాడ్ ఆ పొడవాటి ఊడ్పు కోసమే.

ఫ్లోరో మీద నాకున్న పెద్ద ఫిర్యాదు బ్యాక్‌లాష్. రీల్ మీద చిక్కు పడ్డప్పుడు ఒక్క మడత పడితే చాలు, చిక్కు తీసినా ఆ మడత దగ్గర బలం పోయినట్టే. గంట తర్వాత ఏ కారణం లేకుండా అక్కడే తెగుతుంది. మడత రీల్ పైభాగంలోనే ఉంటే అక్కడికి కోసేయడం మేలు. స్పూల్‌ని (రీల్‌లో లైన్ చుట్టుకునే చక్రం) అంచుకి 3 మిల్లీమీటర్లు తక్కువగా నింపండి, నిండుగా నింపితే చుట్లు ఎగిరిపడతాయి. రెండొందల గజాల చుట్ట మొత్తం ఒకే రీల్‌కి పోయక్కర్లేదు. అడుగున చవక మోనో సగం చుట్టి పైన వంద గజాలు వేస్తే ఒక చుట్ట రెండు రీళ్ళకి వస్తుంది. బ్రెయిడ్ కింద కూడా పది గజాల మోనో ఉండాలి, లేకపోతే నున్నటి స్పూల్ మీద బ్రెయిడ్ మొత్తం జారి తిరుగుతుంది. పై భాగం రంగు వెలిసి పోగులు లేచిన బ్రెయిడ్‌ని పారేయకుండా మరో స్పూల్ మీదికి తిరగేసి చుట్టండి, ఇన్నాళ్ళూ ఎండ తగలని చివర పైకి వస్తుంది.