సైకస్, పైనస్: పండు లేకుండా విత్తనం

తిరుమల శేషాచలం కొండల్లో సైకస్ బెడ్డోమి, హిమాలయాల్లో పైనస్ జాతికి చెందిన చిర్ పైన్. రెండూ వివృతబీజాలే, అంటే విత్తనాలు పండులో దాగకుండా బయటికే ఉండే మొక్కలు. పండుగా మారే అండాశయం లేదు కాబట్టి పండు కూడా ఉండదు.

సైకస్‌లో ఆడ, మగ చెట్లు వేర్వేరు. మగ చెట్టు కొసన పెద్ద శంకువు (పుప్పొడినో అండాలనో మోసే పొలుసుల ముద్ద) వస్తుంది. ఆడ చెట్టుకు అసలు శంకువే ఉండదు. నూగు కప్పిన, ఆకుల్లాంటి భాగాల అంచుల్లో అండాలు (విత్తనాలుగా మారేవి) బయటికే కనిపిస్తాయి. పైనస్‌లో మాత్రం రెండు రకాల శంకువులూ ఒకే చెట్టుకు వస్తాయి.

అసలు తేడా ఫలదీకరణలో ఉంది. సైకస్ పురుషబీజకణాలకు మెలికలుగా అమరిన వేల కశాభాలు (కొరడాల్లాంటి సన్నని పోగులు) ఉంటాయి, వాటితో ఈదుకుంటూ స్త్రీబీజకణాన్ని చేరతాయి. జపాన్ శాస్త్రవేత్త ఇకెనో 1896లో దీన్ని వెల్లడించాడు. విత్తనాలు లేని ఫెర్న్ మొక్కల్లో కనిపించే ఈ ఈదే పాత పద్ధతి విత్తన మొక్కలో ఇంకా బతికి ఉండటం నాకు ఎప్పుడూ అబ్బురమే!

పైనస్ పురుషబీజకణాలకు ఈత రాదు, పుప్పొడి నుంచి మొలిచే గొట్టం, పరాగనాళమే వాటిని మోసుకెళ్తుంది. పుప్పొడి రేణువుకు రెండు గాలిసంచులు ఉంటాయి. గాలిలో తేలి ఆడ శంకువును చేరుతుంది. అక్కడి నుంచి ఫలదీకరణ జరగడానికి దాదాపు ఏడాది పడుతుంది.

ఫలదీకరణకు నీటి అవసరం తగ్గించుకున్న తీరు తెలుసుకోవాలంటే పైనస్ చదవాలి. మొక్కల పాత చరిత్ర కళ్లారా చూడాలంటే మాత్రం నా ఓటు సైకస్‌కే. దాని లేత ఆకుల్లోని చిన్న పత్రకాలు కూడా ఫెర్న్ ఆకుల్లాగే చుట్ట చుట్టుకుని ఉంటాయి.