రోలాండ్ జేవీ-1080: పన్నెండేళ్లు వాడాక

జేవీ-1080 అంటే కీబోర్డు లేని సింథసైజర్ పెట్టె, అంటే సౌండ్ మాడ్యూల్; బయటి కీబోర్డు గానీ కంప్యూటర్ గానీ దాన్ని వాయిస్తుంది. దానితో ఒక పాటకు తొమ్మిది పార్టులు (ఒక్కో వాద్యం వాయించే భాగాలు) పెట్టాను. పియానో, బేస్, డ్రమ్స్, రెండు ప్యాడ్‌లు (వెనకాల సాగే మెత్తటి సింథ్ శబ్దాలు), స్ట్రింగ్స్, ఇత్తడి వాద్యాలు, ఒక గంట శబ్దం, పైన ఫ్లూట్. ఒక్కొక్కటీ విడిగా వింటే అద్భుతంగా ఉంది. అన్నీ కలిపి నడిపితే మాత్రం, ఆఖరి చరణం దగ్గరకొచ్చేసరికి స్ట్రింగ్స్ మధ్యలోనే తెగిపోతున్నాయి. మాడ్యూల్ పాడైందనుకుని రాత్రంతా టెన్షన్ పడ్డాను. కేబుళ్లు మార్చాను, ఆపి మళ్లీ ఆన్ చేశాను. తెల్లారాక కాగితం మీద లెక్క వేస్తే అసలు సంగతి తెలిసింది. మాడ్యూల్‌కు ఏమీ కాలేదు. అది ఒకేసారి పలికించగలిగినదంతా నేనే ఖర్చుపెట్టేశాను.

ఈ పన్నెండేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఆ లెక్కలోంచే వచ్చింది. జేవీ-1080 నుంచి మంచి శబ్దం రావాలంటే కొత్తవి చేర్చడం కంటే ఉన్నవి తగ్గించడం ముందు నేర్చుకోవాలి.

లెక్క ఇది. 1994లో వచ్చిన ఈ మాడ్యూల్ ఒకేసారి 64 వాయిస్‌లు పలికించగలదు. కానీ 64 వాయిస్‌లంటే 64 స్వరాలు కాదు. ఒక ప్యాచ్‌లో, అంటే ఒక వాద్యపు శబ్దంలో, నాలుగు టోన్ల (ఆ శబ్దాన్ని కలిసి తయారుచేసే పొరల) వరకు ఉంటాయి. నాలుగూ ఆన్‌లో ఉంటే, మీరు నొక్కిన ప్రతి మీటకూ నాలుగు వాయిస్‌లు పోతాయి. అంటే అలాంటి ప్యాచ్‌తో పదహారు స్వరాలకే సరి. నాలుగు మీటలు కలిపి నొక్కే కార్డ్ (స్వరాల గుచ్ఛం) ఒకటి పట్టుకుంటే పదహారు వాయిస్‌లు. అది ప్యాడ్ అయి, దానికి రిలీజ్ (మీట వదిలాక శబ్దం ఆరిపోవడానికి పట్టే సమయం) ఎక్కువ ఉంటే, చెయ్యి తీశాక కూడా పాత కార్డ్ మోగుతూనే ఉంటుంది. ఈలోగా రెండో కార్డ్ వచ్చి పడితే ముప్పై రెండు. ఒక్క ప్యాడ్‌కే సగం అయిపోయింది. పైన పియానో వాయించి సస్టెయిన్ పెడల్ తొక్కితే ఇక మిగిలేదేముంది?

అందుకే ఇప్పుడు ఏ ప్రీసెట్ (కంపెనీ ముందే తయారుచేసి ఇచ్చిన ప్యాచ్) తీసుకున్నా మొదట చేసే పని టోన్ స్విచ్‌లు ఒక్కొక్కటిగా ఆపి వినడం. ప్రీసెట్లు ఒంటరిగా వాయించినప్పుడు ఆకట్టుకునేలా తయారైనవి. పాటలో బేస్, డ్రమ్స్, గొంతు అన్నీ ఉన్నప్పుడు ఆ నిండుదనంలో సగం ఎవరికీ వినపడదు. నాలుగు టోన్ల స్ట్రింగ్స్‌లో రెండు ఆపేసి చూడండి. విడిగా వింటే పలచబడినట్టు ఉంటుంది. పాటలో పెట్టి వింటే మునుపటికన్నా స్పష్టంగా ఉంటుంది. ఏ టోన్ ఆపితే ఏం పోయిందో చెవితో పట్టుకోవడం అలవాటైతే, ఆ ప్యాచ్‌ను ఎలా అల్లారో కూడా అర్థమవుతుంది. ఎడిటింగ్ నాకు వచ్చింది అలా ఆపి వింటూనే, పుస్తకం చదివి కాదు.

తర్వాత రిలీజ్. వాల్యూమ్ ఎన్వెలప్‌లో (శబ్దం ఎలా పెరిగి తగ్గాలో చెప్పే సెట్టింగ్‌లో) చివరి సమయాన్ని కొద్దిగా తగ్గించి, ఆ తోకను రివర్బ్‌కు (గదిలో మోగినట్టుండే ఎఫెక్ట్‌కు) వదిలేస్తాను. రివర్బ్ వాయిస్‌లు తినదు. వినేవాళ్లకు తేడా తెలియదు, మాడ్యూల్‌కు మాత్రం బోలెడు ఊపిరి దొరుకుతుంది. ఇంకొకటి: ప్రతి టోన్‌కూ మీటల పరిధి, వెలాసిటీ పరిధి పెట్టుకోవచ్చు. గట్టిగా కొట్టినప్పుడు మాత్రమే పలకాల్సిన టోన్‌ను వెలాసిటీ పరిధితో కట్టేస్తే, మెల్లగా వాయించేటప్పుడు దాని వాయిస్ మిగులుతుంది.

ఇంత చేసినా పాట నిండుగా ఉంటే వాయిస్ రిజర్వ్ ఉంది. పర్ఫార్మెన్స్‌లో, అంటే చాలా ప్యాచ్‌లు ఒకేసారి వాయించే అమరికలో, ఉన్న పదహారు పార్టులకూ ఫలానా పార్టుకు కనీసం ఇన్ని వాయిస్‌లు అని ముందే కేటాయించవచ్చు. నేను బేస్‌కు రెండు, డ్రమ్స్‌కు ఎనిమిది, గొంతుతో పాటు నడిచే వాద్యానికి నాలుగు పెడతాను. ప్యాడ్‌కు ఏమీ పెట్టను. తెగితే ప్యాడ్ తెగనీ, ఎవరూ గమనించరు. బేస్ తెగితే పాటే కూలిపోతుంది.

ఇక ఎఫెక్ట్‌ల సంగతి. ఈ మాడ్యూల్ కొన్నవాళ్లంతా మొదటి నెలలో తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "ప్యాచ్ మోడ్‌లో అంత బాగున్న శబ్దం పర్ఫార్మెన్స్‌లో పెట్టగానే ఎందుకు పేలవంగా మారిపోయింది?" కారణం సులువు. లోపల మూడు ఎఫెక్ట్‌లు ఉన్నాయి: ఒక కోరస్ (శబ్దాన్ని మందంగా, ఊగేలా చేసేది), ఒక రివర్బ్, నలభై రకాల్లోంచి ఒకటి ఎంచుకునే ఈఎఫ్ఎక్స్. ప్యాచ్ మోడ్‌లో ఆ మూడూ ఆ ఒక్క ప్యాచ్‌కే సేవ చేస్తాయి. పర్ఫార్మెన్స్‌లో పదహారు పార్టులూ వాటినే పంచుకోవాలి. పియానోకు ఒక ఈక్వలైజర్, ఆర్గాన్‌కు రోటరీ (తిరిగే స్పీకర్ లాంటి శబ్దం), గిటార్‌కు డిస్టార్షన్ అంటే కుదరదు. ఈఎఫ్ఎక్స్ ఒక్కటే. ఏ పార్టు ప్యాచ్‌లోని సెట్టింగ్ వాడాలో, లేదా పర్ఫార్మెన్స్‌దే వాడాలో మీరు ఎంచుకోవాలి.

ఇది తెలియక నేను ఏళ్ల తరబడి ఈఎఫ్ఎక్స్‌ను ఏదో ఒక ప్యాడ్‌కు వృథా చేశాను. ఇప్పుడు నా పద్ధతి వేరు. పాటలో ఏ వాద్యం ఎఫెక్ట్ లేకపోతే అసలు ఆ వాద్యమే కాకుండా పోతుందో చూస్తాను. ఆర్గాన్ రోటరీ లేకుండా ఆర్గాన్ కాదు. కాబట్టి ఈఎఫ్ఎక్స్ దానికి. మిగతావాటికి వేరే దారులు వెతుకుతాను, ఆ దారులు ఈ మాడ్యూల్‌లో నిజంగానే ఉన్నాయి.

డిస్టార్షన్ కావాలంటే టోన్ల స్ట్రక్చర్‌లో బూస్టర్ ఉంది. ఒకటో టోన్ రెండో టోన్‌తో, మూడోది నాలుగోదానితో జతకడతాయి. వాటిని కలిపే పద్ధతులు పది. వాటిలో కొన్నింట్లో బూస్టర్, కొన్నింట్లో రింగ్ మాడ్యులేటర్ (లోహపు మోత తెచ్చేది) వస్తాయి. బూస్టర్‌తో వచ్చే గరుకుదనం ప్యాచ్ లోపలే పుడుతుంది, ఈఎఫ్ఎక్స్‌తో పనిలేదు. సింథ్ బేస్‌కు కొంచెం కండ పట్టించాలంటే నేను దీన్నే వాడతాను. ప్రతిధ్వని కావాలంటే అదే వేవ్‌ను (టోన్‌కు మూలమైన రికార్డు శబ్దాన్ని) రెండో టోన్‌లో పెట్టి, టోన్ డిలేతో కాస్త ఆలస్యంగా, కాస్త తక్కువ స్థాయిలో పలికిస్తాను. వాయిస్‌లు రెట్టింపు పోతాయి కాబట్టి ఒక్కొక్క స్వరంగా నడిచే వరుసకే ఇది సరిపోతుంది, కార్డ్‌లకు వద్దు. పలచటి కోరస్ కావాలంటే రెండు టోన్లను శ్రుతిలో కాస్త పైకీ కిందికీ జరిపి, ఎడమకూ కుడికీ పంచితే చాలు.

అసలు కోరస్, రివర్బ్‌ల విషయంలోనూ ఒక మాట. ప్రీసెట్లలో రివర్బ్ సెండ్ (ఎఫెక్ట్‌కు పంపే మోతాదు) ధారాళంగా ఉంటుంది. పది పార్టులు అలాగే వదిలేస్తే పాటంతా పొగమంచులో ఉన్నట్టు అవుతుంది. నేను అన్ని పార్టుల సెండ్‌లూ సున్నాకు దించి, గొంతుకు తోడుగా నడిచే వాద్యంతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా పెంచుతాను. బేస్‌కు సున్నాయే. కిక్ డ్రమ్‌కూ అంతే.

వెనకాల మిక్స్ అవుట్‌తో పాటు మరో రెండు స్టీరియో జతలున్నాయి. డ్రమ్స్‌ను ఒక జతలోకి, బేస్‌ను మరో జతలోకి పంపితే వాటిని బయట మిక్సర్‌లో విడిగా సర్దుకోవచ్చు. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో ఆరు ఇన్‌పుట్‌లు ఖాళీగా ఉన్నవాళ్లు దీన్ని తప్పక వాడాలి. అంత ఓపిక, సమయం ఉంటే ఇంకా మంచి దారి: ఒక్కో పార్టునూ ప్యాచ్ మోడ్‌లో, దాని సొంత ఈఎఫ్ఎక్స్‌తో, విడిగా ఆడియోగా రికార్డు చేసుకోవడం. అప్పుడు వాయిస్‌ల గొడవా ఉండదు, ఎఫెక్ట్‌ల గొడవా ఉండదు. పూర్తి చేసిన పాటలకు నేను ఇప్పుడు ఇలాగే చేస్తాను. రికార్డు చేసేటప్పుడు మాడ్యూల్ వాల్యూమ్ బాగా పెంచి, ఇంటర్‌ఫేస్ గెయిన్ తగ్గిస్తే హిస్ (సన్నటి బుస శబ్దం) తక్కువగా వస్తుంది.

బ్యాంకులు (ప్యాచ్‌ల గుంపులు) మార్చడం దగ్గర చాలామంది ఇరుక్కుంటారు, నేనూ ఇరుక్కున్నాను. కంప్యూటర్ నుంచి ప్యాచ్ పిలవాలంటే మిడి (వాద్యాలు, కంప్యూటర్లు మాట్లాడుకునే భాష) సందేశాలు కంట్రోలర్ 0, కంట్రోలర్ 32, ఆ తర్వాత ప్రోగ్రామ్ చేంజ్, ఈ వరుసలోనే వెళ్లాలి. యూజర్ బ్యాంకుకు (మనం రాసుకునే ప్యాచ్‌లది) ఆ రెండు కంట్రోలర్ల విలువలు 80, 0. ప్రీసెట్ ఎ కి 81, 0. బి కి 81, 1. సి కి 81, 2. జనరల్ మిడి శబ్దాలున్న డి కి 81, 3. బ్యాంకు సంఖ్యలు పంపి ప్రోగ్రామ్ చేంజ్ పంపకపోతే ఏమీ మారదు. సాఫ్ట్‌వేర్ సున్నా నుంచి లెక్కపెడుతుంటే మీరు అడిగినదాని పక్క ప్యాచ్ వస్తుంది.

మిడి కేబుల్‌కూ ఒక పరిమితి ఉంది. అది సెకనుకు 31,250 బిట్లు మోస్తుంది. ఒక నోట్ సందేశానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. అన్ని పార్టులూ సరిగ్గా ఒకే బీట్ మీద పడితే, వరుసలో ఆఖరున ఉన్నది వినపడేంత ఆలస్యమవుతుంది. డ్రమ్స్‌ను అక్కడే ఉంచి ప్యాడ్‌లను రెండు మూడు టిక్‌లు (సాఫ్ట్‌వేర్‌లో సమయపు అతి చిన్న కొలత) ఆలస్యంగా వచ్చేలా జరిపితే లయ బిగుసుకుంటుంది. కీబోర్డు నుంచి ఆఫ్టర్‌టచ్ (నొక్కి ఉంచిన మీట మీద ఒత్తిడి) వాడనప్పుడు దాన్ని ఆపేయండి. మనకు తెలియకుండానే అది కేబుల్ నింపేస్తుంది.

వాడితే మాత్రం ఆఫ్టర్‌టచ్ బంగారం. ప్రతి ప్యాచ్‌లో మూడు కంట్రోలర్‌లకు, ఒక్కోదానికి నాలుగు గమ్యాలు ఇవ్వవచ్చు. మొదటిది మాడ్యులేషన్ వీల్, మిగతా రెండూ మన ఇష్టం. ఫ్లూట్ ప్యాచ్‌లో ఆఫ్టర్‌టచ్‌ను ఫిల్టర్ కటాఫ్‌కూ (శబ్దపు మెరుపు ఎంతో తేల్చేది) కొద్దిగా వాల్యూమ్‌కూ కట్టాను. ప్యాచ్‌ను సోలోలో (ఒకసారికి ఒకే స్వరం) పెట్టి, లెగాటో (స్వరాలు అతుక్కుని సాగడం) ఆన్ చేసి, బెండ్ పరిధిని రెండు సెమీటోన్లకు కుదించాను. ఆ రోజు నా వేలి కింద మొదటిసారి ఒక గమకం పలికింది. స్వరం నుంచి స్వరానికి జారి, అక్కడ కాసేపు ఊగి, మెల్లగా వెనక్కి వచ్చింది. అదే ఫ్లూట్, అదే పాత శాంపిల్. అప్పటిదాకా దాన్ని బొమ్మ పిల్లనగ్రోవి అనుకునేవాణ్ని. మీటను వదిలేలోపు శబ్దాన్ని మారుస్తూ ఉండగలిగితే, ముప్పై ఏళ్ల నాటి 8 మెగాబైట్ల మెమరీలోంచి కూడా ప్రాణమున్న పలుకు వస్తుంది.

నాకు జరిగిన నష్టం కూడా చెప్పాలి. లోపల సీఆర్2032 బటన్ బ్యాటరీ ఉంటుంది. యూజర్ ప్యాచ్‌లను పట్టి ఉంచేది అదే. నేను పట్టించుకోలేదు. ఒకరోజు ఆన్ చేస్తే, ఏళ్ల తరబడి చేసుకున్న నా ప్యాచ్‌లు ఒక్కటీ లేవు. ఆ ఫ్లూట్‌ను గుర్తున్నంతవరకు మళ్లీ కట్టుకోవడానికి వారం పట్టింది. ఆ తర్వాత నుంచి ప్రతి నెలా యుటిలిటీలోని డేటా ట్రాన్స్‌ఫర్‌తో మొత్తం మెమరీని సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ ఫైలుగా కంప్యూటర్‌లోకి పంపుకుంటాను. అక్కడా ఒక దెబ్బ తిన్నాను. అప్పట్లో వాడిన మిడి ఇంటర్‌ఫేస్ పెద్ద ఫైళ్లలో కొన్ని బైట్లు మింగేసేది, ఫైలు మాత్రం పైకి బాగానే కనిపించేది. అందుకే ఫైలు తీసుకున్న వెంటనే తిరిగి మాడ్యూల్‌లోకి ఎక్కించి చూస్తాను. బ్యాటరీ మార్చేముందు బ్యాకప్ తప్పనిసరి. పెట్టె లోపల కరెంటు నేరుగా వచ్చే పవర్ సప్లై ఉంటుంది కాబట్టి, అలవాటు లేనివాళ్లు ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వాలి.

బ్యాకప్ గురించే ఇంకో జాగ్రత్త. పర్ఫార్మెన్స్‌లో ప్యాచ్ శబ్దం నిల్వ ఉండదు, దాని నంబరు మాత్రమే ఉంటుంది. ఒక పాట కోసం యూజర్ 12ను మార్చి రాసేస్తే, అదే నంబరు వాడుతున్న పాత పాట కూడా మారిపోతుంది. నేను ప్రతి పాటకూ మార్చిన ప్యాచ్‌లను వేరే నంబర్లలో రాస్తాను. 128 చోట్లు త్వరగానే నిండుతాయి. నిండితే ఆ పాట ఫైలుతో పాటు మొత్తాన్ని దాచి, కొత్తగా మొదలుపెడతాను.

ఎక్స్‌పాన్షన్ బోర్డుల (అదనపు శబ్దాలిచ్చే బోర్డుల) గురించి ఎక్కువ చెప్పను. ఎస్ఆర్-జేవీ80 వరుసలోవి నాలుగు పెట్టుకోవచ్చు. నా దగ్గర ఉన్నవి ఆర్కెస్ట్రల్, వింటేజ్ సింథ్. రెండూ రోజూ పనికొస్తాయి. కానీ లోపలున్న వేవ్‌లను ముందు తవ్విచూడకుండా బోర్డు కొనడం తొందరపాటు. నేను ఆరేళ్లు అలాగే గడిపాను, ఏ లోటూ అనిపించలేదు.

ఎవరికి ఇది వద్దు? నిజమైన గ్రాండ్ పియానో కావాలనుకునేవారికి వద్దు, కంప్యూటర్‌లోని శాంపిల్ లైబ్రరీలు ఆ విషయంలో చాలా ముందున్నాయి. రెండు వరుసల చిన్న తెర మీద పేజీలు తిప్పే ఓపిక లేనివారు కంప్యూటర్ నుంచి ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా పెట్టుకోవాలి, లేదా ఇదే శబ్దాలతో రోలాండ్ ఇచ్చే ప్లగిన్ తీసుకోవాలి. దాంట్లో బ్యాటరీ భయం కూడా లేదు.

ప్యాడ్‌లు, గంటలు, గాజు తునకల్లాంటి సింథ్ శబ్దాలు, పాటలో ఇట్టే ఇమిడిపోయే స్ట్రింగ్స్ కావాలంటే మాత్రం నా చెయ్యి ఇప్పటికీ దీని మీదికే వెళ్తుంది. ఈ వారం చేస్తున్న పాటలో దీనివి ఐదు పార్టులు. స్ట్రింగ్స్‌లో రెండు టోన్లు, ప్యాడ్‌లో ఒక్కటే. ఈఎఫ్ఎక్స్ ఆర్గాన్‌కు ఇచ్చాను. నిన్న రాత్రి మొదటి నుంచి చివరి దాకా నడిపితే ఎక్కడా ఒక్క స్వరం తెగలేదు.