మాత్రా, సూదా?

స్కిజోఫ్రీనియాకు, అంటే లేని గొంతులు వినిపించి లేనిపోని అనుమానాలు పుట్టే మానసిక జబ్బుకు, రోజూ మాత్ర మేలా, నెలకో సూది మేలా? కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల గది బయట కూర్చున్నవాళ్ల మధ్య ఈ మాట ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. మా చిన్నాయన కొడుకు రెండూ చూశాడు.

ముందు జబ్బు సంగతి. ఈ జబ్బున్న చాలామందిలో, మెదడు లోపలి స్ట్రయేటమ్ అనే చోట డోపమైన్ అనే రసాయనం అవసరానికి మించి తయారవుతోందని, మెదడు పనితీరును చూపే పెట్ స్కాన్లలో తేలింది. 'ఇది ముఖ్యం, పట్టించుకో' అని మెదడుకు చెప్పేది డోపమైనే. అది ఎక్కువైతే ఎదురింటాయన దగ్గినా తనకేదో సైగ చేసినట్టే ఉంటుంది. మందు ఆ తయారీని ఆపదు. డోపమైన్‌ను అందుకునే డి2 గ్రాహకాలకు అడ్డం కూర్చుంటుంది, అంతే. అందుకే బాగైందని మందు మానేసిన వాళ్లలో చాలామందికి, వారాలకో నెలలకో, మళ్లీ గొంతులు వినిపిస్తాయి.

సూది మందు బలమైనదని కొందరి భ్రమ. బలం కాదు, తేడా నిలకడలో ఉంది. సుమారు 65 శాతం గ్రాహకాలు మూసుకుంటే గుణం కనిపిస్తుంది. 80 శాతం దగ్గరికి పోతే చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం మొదలవుతాయి. మాత్రయితే డాక్టరు వెంటనే మోతాదు తగ్గించవచ్చు. ఫ్లూఫెనజైన్ డెకనోయేట్ సూది అట్లా కాదు. నువ్వుల నూనెలో కలిపిన మందు అది (నాకూ విన్నప్పుడు వింతగానే అనిపించింది). కండలో చేరి వారాల తరబడి మెల్లగా ఊరుతుంది. పడకపోతే వెనక్కి తీసుకోలేం. అందుకే ముందు మాత్రగా ఇచ్చి చూస్తారు. పాలిపెరిడోన్ లాంటి కొత్త సూదులకు వణుకు తక్కువ, ధర ఎక్కువ. నోరు మెదపకుండా మూల కూర్చునే లక్షణం మీద మాత్రం ఏ మందైనా పనిచేసేది అంతంతే.

మాత్రకు అసలు చిక్కు ఇంట్లోనే. మావాడు నాలుక కింద దాచి పెరట్లో ఊసేవాడు. చిన్నమ్మ పొడిచేసి సంగటి ముద్దలో పెట్టింది. ఒకనాడు చేదు తగిలింది. ఇక పదిరోజులు ఇంట్లో మెతుకు ముట్టలేదు, బస్టాండు దగ్గర ఇడ్లీలే. 'అన్నంలో ఏదో కలుపుతున్నారు' అన్న వాడి అనుమానాన్ని మేమే నిజం చేశాం.

తనంతట తాను మింగే మనిషికి మాత్రే మేలంటాను. మావాడి సంగతి వేరే. డాక్టరు వాడినే అడిగితే, చిన్నమ్మ వైపు తిరిగి చెప్పాడు: "నెలకోసారి పొడిపించుకుంటానమ్మా. రోజూ నోరు తెరిచి చూపించమనొద్దు."