పిక్సెల్ అమరిక ఇట్టే తట్టేదేనా? అమెరికా, యూరప్, భారత పరీక్షల్లో ఏది మేలు?

పొడుపుకథ విప్పి చెప్పాక ‘ఓస్, ఇంతేనా’ అనిపించడం సహజం. పేటెంటు దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినర్‌కు రోజూ ఎదురయ్యే చిక్కు ఇదే. జవాబు ముందే చదివేసి, ఆ జవాబు ఇంకా ఎవరికీ తెలియని నాడు ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్న ఇంజనీరుకు అది ఇట్టే తట్టి ఉండేదా, లేదా అన్నది ఆయన తేల్చాలి. ఇట్టే తట్టేదైతే పేటెంటు రాదు. రంగుల తెరల విషయంలో ఈ చిక్కు మరింత బిగుసుకుంటుంది. ఇక్కడ ముడిసరుకంతా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల చుక్కలే. వాటిని ఎక్కడ పెట్టాలి, ఏది ఎంత పెద్దదిగా ఉండాలి, ఏది ఎన్ని ఉండాలి, చిత్రాన్ని వాటికి ఎలా పంచాలి అన్నదానిలోనే కొత్తదనమంతా ఉంటుంది. కాబట్టి పటం చూడగానే ‘ఇది ఎవరైనా చేయగలిగేదే’ అనిపిస్తుంది.

దీన్ని తేల్చడానికి అమెరికా, యూరప్, భారత్ వాడే మూడు పద్ధతులనూ తూచడానికి ఒకే తూకపురాయి కావాలి కనుక, నిజమైన సాంకేతికతను ఆధారం చేసుకుని ఒక దరఖాస్తును ఊహిద్దాం. మామూలు తెరలో ఒక్కో పిక్సెల్‌కు మూడు నిలువు చారలు, అంటే మూడు ఉపపిక్సెళ్లు ఉంటాయి. 1920 అడ్డానికి, 1080 నిలువుకు ఉన్న తెరలో అవి 62,20,800. ప్రతి పిక్సెల్‌కూ ఒక ఆకుపచ్చ చుక్క ఉంచి, ఎరుపు, నీలాలను ఒకటి విడిచి ఒకటిగా పక్క పిక్సెల్‌తో పంచుకునేలా అమర్చితే ఆ సంఖ్య 41,47,200కు తగ్గుతుంది. పెన్‌టైల్ పేరుతో వచ్చిన అమరిక ఈ కోవలోదే. క్యాండిస్ బ్రౌన్ ఎలియట్ తన క్లెయిర్‌వాయంట్ సంస్థలో ఈ తరహా అమరికలను అభివృద్ధి చేయగా, 2008లో శామ్‌సంగ్ ఆ పేటెంట్లను కొనుగోలు చేసింది. మన ఊహా దరఖాస్తులో రెండు క్లెయిములు, అంటే హక్కు కోరే అంశాలు, ఉన్నాయనుకుందాం. మొదటిది కేవలం ఆ అమరికను కోరుతుంది. రెండవది ఆ అమరికతో పాటు, చిత్రంలోని రంగుల సమాచారాన్ని ఇరుగుపొరుగు ఉపపిక్సెళ్లకు లెక్కగట్టి పంచే సర్క్యూట్‌ను కూడా కోరుతుంది.

ఎగ్జామినర్ చేతిలో ఉన్న పాత ఆధారాలు మూడు. ఒకటి, అందరికీ తెలిసిన చారల తెర. రెండు, కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్‌కు 1976లో వచ్చిన కెమెరా సెన్సర్ పేటెంటు. అందులో సగం గళ్లు ఆకుపచ్చవి, పావు వంతు ఎరుపు, పావు వంతు నీలం. మూడు, కంటి శాస్త్రం: హెచ్‌డీ టీవీ ప్రమాణం ప్రకారం తెలుపు వెలుగులో ఆకుపచ్చ వాటా దాదాపు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7 మాత్రమే. వివరాల పదును కంటికి ముఖ్యంగా వెలుగు తేడాల వల్ల తెలుస్తుంది కాబట్టి, నీలం చుక్కలు తగ్గితే పదును పెద్దగా తగ్గదు. ఈ మూడింటినీ ఒకే బల్ల మీద పరిస్తే దరఖాస్తు కథ అక్కడికక్కడే ముగిసినట్లు కనిపిస్తుంది. నిజంగా ముగిసిందా అన్న ప్రశ్న దగ్గరే మూడు పద్ధతుల దారులు వేరవుతాయి.

అమెరికాలో 1952 పేటెంటు చట్టంలో ఈ షరతు చెప్పే 103వ సెక్షన్ వివరణకు 1966 నాటి గ్రాహమ్ వర్సెస్ జాన్ డీర్ తీర్పు పునాది వేసింది. పాత విజ్ఞానం ఏమిటి, దానికీ క్లెయిముకూ తేడా ఏమిటి, ఆ రంగంలో సాధారణ నైపుణ్యం ఏ స్థాయిలో ఉంది అని చూసి, ఆపైన వ్యాపార విజయం, చాలాకాలంగా తీరని అవసరం, ఇతరుల వైఫల్యం వంటి బయటి సాక్ష్యాలను కూడా పరిగణించమని అది చెప్పింది. తరువాత అప్పీలు కోర్టు, పాత పత్రాలను కలపమని చెప్పే బోధన, సూచన లేదా ప్రేరణ చూపాలన్న నియమాన్ని ప్రవేశపెట్టింది. 2007లో కేఎస్‌ఆర్ వర్సెస్ టెలిఫ్లెక్స్ తీర్పులో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని బిగుతుగా వర్తింపజేయడం తప్పని తేల్చింది. ఆ కేసు కారు పెడల్‌కు ఎలక్ట్రానిక్ సెన్సర్ తగిలించడం గురించి. నిపుణుడంటే మరమనిషి కాడని, అవసరం ఉండి, తెలిసిన పరిష్కారాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండి, వాటి ఫలితం ముందే ఊహించగలిగేదైతే, వాటిలో ఒకదాన్ని ప్రయత్నించడం ఇట్టే తట్టేదే కావచ్చని కోర్టు అభిప్రాయపడింది.

పెడల్ విషయంలో ఈ మాటతో నాకు పేచీ లేదు. పిక్సెల్ దగ్గరకు వచ్చేసరికి ‘వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని’ అన్న మాట ప్రమాదకరమవుతుంది. నాలుగు గళ్ల చతురస్రంలో మూడు రంగులను నింపే మార్గాలు ఎలాగూ పరిమితమే. కాగితం మీద గీసి చూస్తే ప్రతి అమరికా ఆ జాబితాలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. కాని తీర్పు అడిగిన రెండో సగం, అంటే ఫలితం ముందే ఊహించదగినదై ఉండాలన్నది, తొందరలో మరుగున పడిపోతుంది. ఈ దారిలో మన మొదటి క్లెయిము బేయర్ పత్రం దెబ్బకు పడిపోతుంది, సర్క్యూట్ కూడా సాధారణ వడపోత లెక్కేనన్న ఒక్క వాక్యంతో రెండవది కూడా చిక్కుల్లో పడుతుంది. అయితే దరఖాస్తుదారుకు బయటి సాక్ష్యం తెచ్చుకునే వీలు ఇక్కడ విశాలంగా ఉంది, అది అమెరికా పద్ధతిలోని మేలిమి.

ఆ సాక్ష్యం ఎంత గడుసుదో ఒక ఉదాహరణ చూడండి. 2010లో శామ్‌సంగ్ ఫోను గెలాక్సీ ఎస్ పెన్‌టైల్ తెరతో వచ్చింది, 2011లో ఎస్2 తిరిగి మూడు చారలకు మారింది, 2012లో ఎస్3 మళ్లీ పెన్‌టైల్‌కే వచ్చింది. ఈ ఫోన్ల తెరల్లో తానే వెలిగే ఓఎల్ఈడీ పదార్థాల్లో నీలం మిగతా రెండింటికంటే త్వరగా అరిగిపోతుంది కనుక, నీలం చుక్కను పెద్దదిగా చేసే వీలున్న అమరిక ఎక్కువకాలం మన్నుతుందన్నది ఆ మార్పుకు చెప్పిన కారణం. తయారీదారే మూడేళ్లలో రెండుసార్లు అటూ ఇటూ ఊగిన విషయాన్ని ‘ఎవరికైనా తట్టేది’ అని ఎలా అనగలం అని ఒక పక్షం, అమ్ముడుపోయింది ఫోనే గాని అమరిక కాదని మరో పక్షం వాదించవచ్చు. విజయానికీ క్లెయిముకూ లంకె చూపవలసిన భారం మాత్రం దరఖాస్తుదారుదే.

యూరోపియన్ పేటెంట్ ఆఫీసు, యూరోపియన్ పేటెంటు ఒప్పందంలోని 56వ అధికరణం కింద నడిపే సమస్య, పరిష్కారం పద్ధతి ఇంత స్వేచ్ఛ ఇవ్వదు. ముందు అతి దగ్గరి పాత ఆధారాన్ని ఎంచుకోవాలి, క్లెయిముకూ దానికీ తేడా రాయాలి, ఆ తేడా వల్ల కలిగే సాంకేతిక ఫలితాన్ని చెప్పాలి, ఆ ఫలితం నుంచి వాస్తవ సమస్యను వాక్యంగా రాయాలి, ఆ తరువాతే నిపుణుడు ఆ పరిష్కారానికి వచ్చి ఉండేవాడా అని అడగాలి. రాగలిగేవాడా అన్నది చాలదు, వచ్చి ఉండేవాడా అన్నదే ప్రశ్న.

మన దరఖాస్తులో దగ్గరి ఆధారం చారల తెర, తేడా ఎరుపు, నీలాల సంఖ్య సగం కావడం. సమస్యను రాసే చోటే కిటుకంతా ఉంది. ‘నీలం పట్ల కంటికున్న మందకొడితనాన్ని వాడుకుని చుక్కలు ఎలా తగ్గించాలి’ అని రాస్తే జవాబును ప్రశ్నలోనే దాచినట్లు, అది నియమం ఒప్పుకోదు. ‘కనిపించే పదును తగ్గకుండా, నడపవలసిన చుక్కల సంఖ్యను ఎలా తగ్గించాలి’ అని రాస్తే సరైన ప్రశ్న. అప్పుడు బేయర్ పత్రం దగ్గరకు నిపుణుడు వెళ్తాడా? వెళ్లినా అక్కడ అతనికి దొరికేది సగం కథే. కెమెరాలో లేని రంగు విలువను చిత్రం తీశాక ఇరుగుపొరుగు గళ్ల నుంచి లెక్కించి నింపుకోవచ్చు. తెరలో అలా నింపే తరువాతి దశ లేదు, లేని ఎరుపును చూసేవాడి కన్నే పూరించాలి. దానికి తగినట్లు సమాచారాన్ని ముందే పంచకపోతే సన్నని అక్షరాల అంచులకు రంగు చారలు పడతాయి. ఒత్తులు, వట్రసుడులు కిక్కిరిసిన తెలుగు అక్షరాలను చిన్న సైజులో చదివేవారికి ఆ చికాకు ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే ఈ పద్ధతి పదును తెలుస్తుంది. మొదటి క్లెయిములో పంపిణీ సర్క్యూట్ లేదు కాబట్టి, పదును తగ్గదన్న ఫలితం ఆ క్లెయిము పరిధి అంతటా రాదు. రాని ఫలితాన్ని సమస్యలో రాయకూడదు గనుక, దాన్ని ‘తక్కువ చుక్కలతో మరో తెర’ అనే స్థాయికి కుదించాలి. అంత చిన్న సమస్యకు ఆ అమరిక ఇట్టే తట్టేదే. రెండవ క్లెయిముకు అసలు సమస్య నిలబడుతుంది, దానికి బేయర్ జవాబు చెప్పదు. ఒకే దరఖాస్తులో ఒకటి పోయి ఒకటి నిలిచింది, ఎందుకన్నది కాగితం మీద ఉంది. కంటిచూపు ఆధారంగా పనిచేసేదంతా కేవలం సమాచారాన్ని చూపించడమే, సాంకేతిక ఆవిష్కరణ కాదనే వాదన యూరప్‌లో వినిపిస్తుంది గాని, చుక్కలను నడిపే తీరును మార్చే క్లెయిముపై అది సులువుగా నిలవదు.

మన 1970 పేటెంట్ల చట్టంలోని 2(1)(జెఏ) సెక్షన్, పాత విజ్ఞానంతో పోలిస్తే సాంకేతిక పురోగతి గాని, ఆర్థిక ప్రాధాన్యం గాని, రెండూ గాని ఉండి, నిపుణుడికి ఇట్టే తట్టనిదై ఉండాలంటుంది. చుక్కల సంఖ్యతో పాటు నడిపే సర్క్యూట్ల ఖర్చు తగ్గుతుందని చూపితే ఆర్థిక ప్రాధాన్యం సమకూరవచ్చు, కాని చివరి షరతు తప్పదు. 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు, వర్క్‌షాపులో చేసే మామూలు మెరుగుదల కంటే ఎక్కువ ఏదో ఉండాలని చెప్పింది. 2015లో రోష్, సిప్లా కేసులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఐదు అంచెలు సూచించింది. వాటిలో రెండో అంచెలోనే ఆవిష్కరణ సారాన్ని గుర్తించాలి. వెనుకచూపు, అంటే జవాబు తెలిశాక వెనక్కి చూసి ‘ఇంతేనా’ అనడం, కూడదని అదే తీర్పు హెచ్చరించినా, ఆ సారాన్ని అంత ముందుగా బల్ల మీద పెట్టడం వల్ల తరువాతి అంచెలన్నీ దాని నీడలోనే నడుస్తాయని నా అనుమానం.

అసలు ముప్పు మరోచోట ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తెలిసిన పద్ధతిలోనే పనిచేసే తెలిసిన పరికరాల అమరిక, పునరమరిక ఆవిష్కరణ కాదని సెక్షన్ 3(ఎఫ్) అంటుంది. పిక్సెల్ దరఖాస్తు మీద ఈ అభ్యంతరం వేయడం ఎంత సులువో ఊహించండి. దాన్ని తప్పించుకోవడానికి పంపిణీ లెక్క వైపు జరిగితే, అల్గారిథమ్‌కు పేటెంటు లేదనే 3(కె) కాచుకుని ఉంటుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అయినా 3(ఎఫ్)లోని మాటలను పూర్తిగా చదివితే అందులో మంచి ప్రశ్నే ఉంది: ఈ చుక్కలు విడివిడిగా పనిచేస్తున్నాయా, కలిసి పనిచేస్తున్నాయా? ఒక ఎరుపు చుక్క రెండు పిక్సెళ్ల భారాన్ని మోస్తూ, దాని వెలుగు పక్కవాటి విలువలను బట్టి మారుతుంటే అది విడిగా పనిచేస్తున్నట్లు కాదు.

తేల్చి చెప్పమంటే, పిక్సెల్ అమరికల వరకు నా ఓటు యూరప్ పద్ధతికి. వెనుకచూపును అదీ పూర్తిగా ఆపలేదు, ఎందుకంటే తేడా రాసేవాడు కూడా జవాబు చదివినవాడే. కాని తప్పు జరిగితే సమస్యను రాసిన వాక్యంలోనే అది దొరుకుతుంది, అప్పీలులో ఆ వాక్యాన్ని వేలెత్తి చూపవచ్చు. అమెరికా పద్ధతిలో తప్పు ఎగ్జామినర్ ఇంగితజ్ఞానం అన్న మాట వెనుక దాగుతుంది. నీలం చుక్కను పెద్దది చేయడం వంటి తేలిక విషయాలకైతే మూడింటిలో ఏదైనా ఒకటే, ఎక్కడైనా ఇట్టే తట్టేదే: విశాలమైన చుక్క తక్కువ విద్యుత్ సాంద్రతతో అంతే వెలుగునిస్తుందని ఆ రంగంలో అందరికీ తెలుసు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు వెళ్లే చెన్నై కార్యాలయం యూరప్ పద్ధతిని పాటించవలసిన పని లేదు. అయినా తొలి పరిశీలన నివేదికకు జవాబు రాసే ఆరు నెలల్లో, దగ్గరి ఆధారం, తేడా, కొలిచి చూపిన ఫలితం, సమస్య అన్న వరుసలో వాదన పేర్చడానికి మన చట్టంలో ఏ అడ్డూ లేదు. కావలసిందల్లా ఆ కొలతలు, అంటే అంచుల రంగుచారలు ఎంత తగ్గాయన్న పోలిక, మొదట దాఖలు చేసిన స్పెసిఫికేషన్‌లోనే, అంటే ఆవిష్కరణ వివరణ పత్రంలోనే, ఉండడం.